గారీ వచ్చా?

ఆ గురువారం పొద్దున కువైట్‌లో, సల్వాలోని ఆ ఇంట్లో ఉన్నవాళ్లు ఐదుగురు. మేడ మీద పనివాళ్లంతా మామా అని పిలిచే ఇంటి యజమానురాలు, ఆమె పదకొండేళ్ల కూతురు లులువా. కింద వంటింట్లో పొయ్యి దగ్గర తిరుపాలమ్మ, ఇస్త్రీ బల్ల దగ్గర కోనసీమ పాపాయమ్మ, తలుపు పక్కన పీట వేసుకుని కొత్తిమీర తుంచుతున్న తిరుపాలమ్మ కూతురు గంగాదేవి. ఇంటిముందు గచ్చు వాకిట్లో గోడకు ఆనించిన లులువా సైకిలు కూడా ఉంది గానీ దాన్ని మనుషుల్లో లెక్క వేయలేం.

ఇంట్లో లేనిది డ్రైవరు నూర్ మహమ్మద్. చేపలు తేవడానికి మార్కెట్టుకు పోయాడు. రాయచోటి మనిషి. ఇరవై రెండేళ్లుగా కువైట్‌లోనే ఉన్నాడు, అరబ్బీ అతనికి మంచినీళ్ల ప్రాయం. ఆ అరగంట అతను వంటింటి గుమ్మంలో ఉండి ఉంటే జరిగినది జరిగేదే కాదు.

తిరుపాలమ్మ అతన్ని అన్న అని పిలుస్తుంది. ఆ లెక్కన గంగాదేవికి అతను మామ వరస. కానీ ఆ ఇంట్లో మామా అంటే యజమానురాలే. వచ్చిన కొత్తలో ఒకసారి గంగాదేవి అతన్ని చూసి "మామా, అమ్మ పిలుస్తాంది" అంటే, మేడ మీద నుంచి యజమానురాలు వంగి "హా?" అని పలికింది. పాపాయమ్మ వారం రోజులు దాన్నే చెప్పుకుని నవ్వింది. అప్పటినుంచి గంగాదేవి అతన్ని ఏ వరసా పెట్టి పిలవలేదు. ఏదైనా చెప్పాలంటే పోయి ఎదురుగా నిలబడేది. ఆయనే "ఏం బిడ్డా?" అని అడగాలి.

ఆ పిల్ల తీరే అంత. పదిహేడేళ్లు వచ్చినా నోట్లో మాట పెదవి దాటదు. దాటనివన్నీ నోటు పుస్తకంలో రాసుకుంటుంది. రాజంపేట దగ్గరి పల్లెలో అవ్వ దగ్గర పెరిగి, అక్కడే పది దాకా చదివి, పోయినేడు అమ్మానాన్నల దగ్గరికి వచ్చింది. నాన్న సిద్ధయ్య సబ్హాన్‌లో ఒక గోడౌను చూసుకుంటాడు, సెలవు రోజున వచ్చి పోతాడు. తల్లీ కూతుళ్లు మామా ఇంటి వెనక గదిలో ఉంటారు.

పల్లెలో ఆమెకు ఒక సైకిలు ఉండేది. మేనమామ తొక్కి తొక్కి వదిలేసిన మగవాళ్ల సైకిలు. మొదట్లో కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కింది, ఎదిగాక సీటు ఎక్కింది. బడి ఐదు కిలోమీటర్లు. పోను ఐదు, రాను ఐదు. ఆ తోవంతా అరటిగెలల లారీలు. వెనకనుంచి హారన్ మోగితే సైకిలుతో సహా తోవ దిగిపోవాలి, లేకుంటే వాళ్లే దింపుతారు. ఒకసారి అలాగే కంపచెట్ల మీద పడి, మోకాలి నెత్తురు లంగాకు అంటుకుని ఉండగానే లెక్కల పరీక్ష రాసింది. అయినా ఆ సైకిలంటే ఆమెకు ప్రాణం. దాని మీద ఉన్నంతసేపూ ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు.

కువైట్‌కు వచ్చాక ఏడాదిగా సైకిలు ఎక్కలేదు. ఎక్కినా పోయేదెక్కడికి? వీధి చివర మొదలయ్యేది ఆరు వరసల రోడ్డు.

అలాంటి పిల్లకు రెండు నెలల కిందట లులువా ట్యాబ్ తెచ్చి ఒక బొమ్మ చూపించింది. ఫ్రాన్సులో ఒక నది. ఒకప్పుడు దాని పక్కన రైలు నడిచేదట. పట్టాలు పీకేసి, ఆ కట్ట మీదే సైకిళ్ల కోసం నున్నటి బాట వేశారు. ఒక పక్క నీళ్లు, ఒక పక్క అక్రోటు తోటలు, మధ్యలో రైలు దూరిన పాత సొరంగం. ఆ బాట మీద కారు రాకూడదు, మోటారు సైకిలు రాకూడదు. "నో కార్. నో ట్రక్. నో హార్న్" అని లులువా వేళ్లు మడిచి చెప్పింది. ఆ నది పేరు దోర్దోన్ అంది. గంగాదేవి రాత్రి పుస్తకంలో 'దొరదోనె' అని రాసుకుంది. దొర ఎక్కిన దోనె. పేరు అలా నోటికి పట్టింది.

సెలవుల్లో మామా, మామా చెల్లెలు, పిల్లలు అందరూ పది రోజులు ఆ నది వెంట సైకిళ్ల మీద పోవాలని అనుకున్నారు. పొద్దున ఒక ఊళ్లో బయలుదేరి సాయంత్రం ఇంకో ఊళ్లో దిగడం. లులువాకు మాత్రం సైకిలు రాదు. నేర్పే పని గంగాదేవి మీద పడింది. తెల్లవారుజామున ఎండ రాకముందే ఆ వాకిట్లో సీటు పట్టుకుని లులువా వెనక పరుగెత్తేది. "లుక్ ఫ్రంట్! డోంట్ లుక్ వీల్!" ఏడాదిలో ఆమె గట్టిగా అరిచిన మాటలు అవే. తను మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. "వాళ్ల బిడ్డ సైకిలు అది. ముట్టుకుంటే ముట్టుకో, ఎక్కావంటే కాళ్లు ఇరగ్గొడతా" అని తిరుపాలమ్మ ముందే చెప్పింది. కాబట్టి మామా కంటికి గంగాదేవి ఎప్పుడూ పరుగెత్తే పిల్లే. తొక్కే పిల్ల కాదు.

లులువా ఒకసారి అడిగింది, నువ్వెక్కడ నేర్చుకున్నావని. "మై విలేజ్. డైలీ టెన్ కిలోమీటర్" అని చెప్పింది గంగాదేవి. లులువా కళ్లు పెద్దవి చేసింది.

పది రోజుల కిందట మామా వచ్చి గంగాదేవి పాస్‌పోర్టు అడిగి తీసుకుంది. "గంగా ఫ్రాన్సా, వియ్యా లులువా, ఇన్షాల్లా" అంది. లులువాతో పాటు గంగ కూడా ఫ్రాన్సుకు. ఆ రోజునుంచి గంగాదేవికి అన్నం రుచి తెలియలేదు. హారన్ లేని తోవ ఎలా ఉంటుందా అని వింటూ పడుకునేది.

ఆ గురువారమే పాస్‌పోర్టులన్నీ మిర్కాబ్‌లో వీసా పనులు చూసే ఆఫీసుకు చేరాలి. పన్నెండు లోపల.

పదిన్నరకు మామా ఒక చేత్తో గోధుమరంగు కవరు, ఇంకో చేత్తో చెవికి ఆనించిన ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. ఫోనులో అవతల చెల్లెలు. ఈమె మాట ఆపి అడిగింది.

"తిరుపాలా, బింతిచ్ తారిఫ్ గారీ?"

నీ కూతురికి గారీ వచ్చా అని.

తిరుపాలమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆరేళ్లుగా ఈ దేశంలో వంట చేస్తోంది. పక్కిళ్ల హిందీవాళ్లతో మాట్లాడీ మాట్లాడీ గాడీ అంటే కారు అని ఆమెకు బాగా తెలుసు. పోయిన నెలే వెనక వీధి ఇంట్లో వెంకటేశ్వరికి కారు నేర్పించి, డ్రైవరును ఇంటికి పంపించేశారు. ఇప్పుడు ఆ పిల్ల వంటా చేయాలి, పిల్లల్నీ దింపాలి. తన కూతురికీ ఆ గతి పడుతుందా? పైగా నూరన్న పొట్ట కొట్టినట్టు కాదా?

"లా, లా మామా! గారీ మాఫీ! అబదన్!" అంది. రెండు చేతులూ ముందుకు చాచి, స్టీరింగు తిప్పినట్టు అటూ ఇటూ తిప్పి, తల గట్టిగా అడ్డంగా ఊపింది. అస్సలు రాదు, ఎన్నడూ లేదు.

మామాకు నమ్మకం కుదరలేదు. గంగాదేవి వైపు చూసింది. "గంగా? గారీ?"

గంగాదేవికి కూడా ఆ మాట కొత్తే. లులువా ఎప్పుడూ బైక్ అంటుంది. అమ్మ చేతులు స్టీరింగు తిప్పడం చూసింది. తల వంచుకుని "లా" అంది.

మామా భుజాలు ఎగరేసి ఫోనులో ఏదో చెబుతూ మేడ ఎక్కింది.

ఇస్త్రీ బల్ల దగ్గర పాపాయమ్మ మూతి విరిచింది. "ఏటి వదినా, అంత గట్టిగా లేదనేశావ్? నేనింకా గారెలొచ్చా అని అడుగుతుందనుకున్నాను. వచ్చని చెప్పేత్తే పోయేదిగా. నేను పప్పు రుబ్బి పెట్టేదాన్ని."

"గారెలు కాదులే పాపాయమ్మా, గాడీ. కారు నేర్సుకోమంటాది. ఒకసారి ఊ అన్నామంటే మెడకి తగులుకుంటాది."

"ఆయ్, మా ఊళ్లో అయితే గారెలొచ్చిన పిల్లకి పెళ్లయిపోద్ది, కారొచ్చిన పిల్లకి పొగరంటారు" అని పాపాయమ్మ నవ్వింది. గంగాదేవి కూడా నవ్వింది. కార్లే రాని తోవకు పోతూ కారు వచ్చా అని ఎందుకు అడుగుతారు? ఆ నిమిషాన ఆ ప్రశ్న ఆమెకు తట్టలేదు. తర్వాత మటుకు వందసార్లు తట్టింది.

ఐదు నిమిషాలకు లులువా దడదడా మెట్లు దిగి వచ్చింది. ముఖం ఎర్రబడి ఉంది.

"గంగా, యూ డోంట్ నో గారీ?"

"నో" అంది గంగాదేవి.

"నెవర్?"

"నెవర్."

"ఇన్ ఇండియా?"

"నెవర్, నెవర్" అని నవ్వుతూ చెప్పింది గంగాదేవి. మా ఊళ్లో నాకు కారెక్కడిది పిచ్చిదానా అని మనసులో అనుకుంది. లులువా కాసేపు ఆమె చేతుల వైపు చూసింది. సీటు పట్టుకుని పరుగెత్తిన చేతులు. వెనక్కి తిరిగి మెట్లు ఎక్కేసింది.

పావుగంట తర్వాత మామా మళ్లీ వచ్చి గంగాదేవి పాస్‌పోర్టును పొయ్యి పక్క అరుగు మీద పెట్టింది. "ఖలాస్" అని, తిరుపాలమ్మ భుజం తట్టి పోయింది. తిరుపాలమ్మ దాన్ని తీసి కళ్లకద్దుకుని కొంగులో చుట్టుకుంది.

"ఎందుకిచ్చిందిమా?" అంది గంగాదేవి.

"నాకేం తెలుసు? గొప్పోళ్ల మనసు గాలి మాదిరి. పోనీలే, మన కాయితం మనకొచ్చింది."

గంగాదేవి కొత్తిమీర ఆకులు పారేసి కాడలు గిన్నెలో వేస్తోంది.

పదకొండు దాటాక నూర్ మహమ్మద్ చేపల సంచి తెచ్చి సింకు పక్కన పెట్టి, గ్లాసుడు నీళ్లు తాగి అన్నాడు. "ఏం తిరుపాలమ్మా, పాపకు సైకిలు రాదని చెప్పినావంట? మామా ఇప్పుడే అనె. అక్కడ లులువా పక్కన సైకిలు తొక్కే మనిషి కావాలంట. రాదంటే ఏం చేస్తాది, చెల్లెలింట్లో పనిచేసే ఫిలిప్పీనీ పాప పేరు రాసేసినారు. దినామూ ఆ బిడ్డకు నేర్పిచ్చింది ఎవురు మరి? దెయ్యమా?"

"సైకిలా?" తిరుపాలమ్మ తిరిగి చూసింది. "సైకిలు మాటెవురెత్తినారన్నా? గాడీ వచ్చునా అని అడిగె. రాదంటి."

"గాడీ కాదు తల్లీ, గారీ. ఈళ్ల బాసలో గారీ అంటే సైకిలు. కారును సయ్యారా అంటారు. ఆరేండ్లుండి ఇది తెలీదా నీకు?"

పాపాయమ్మ ఫక్కుమని నవ్వబోయి, గంగాదేవి ముఖం చూసి ఆగిపోయింది. "ఓలమ్మో" అని ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

గంగాదేవి లేచి నిలబడింది. ఒళ్లో కొత్తిమీర అంతా కింద పడింది.

"నువ్వు పోయి చెప్పుమా. ఇప్పుడే. సైకిలు వచ్చు అని చెప్పు."

"ఇప్పుడే రాదంటి, ఇప్పుడే వచ్చంటే ఏమనుకుంటాది? నోటికి నిలకడ లేని ముండ అనుకోదా?"

"నాకు రాదని నువ్వెట్ల చెప్తావు?"

"నువ్వు చెప్పలేదామ్మీ, లా అని? నిన్నే అడిగె కదా మొగం మీద!"

ఆ మాట నిజమే. అందుకే అది ఎక్కువ మండింది. గంగాదేవి పోయి నూర్ మహమ్మద్ ఎదురుగా నిలబడింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"నేను చెప్పరాదు బిడ్డా" అన్నాడతను. "ఆడపిల్లను ఊరు దాటించే మాట డ్రైవరు ఎత్తితే బాగుండదు. నువ్వే పో. 'ఆనా ఆరిఫ్ గారీ' అను, అంతే. నాకు గారీ వచ్చు అని. బండి ఎండలో కాగిపోయిండాది, ఏసీ వేసి పది నిమిషాలు చల్లబెడతా. ఆ లోపల పని చూసుకో. పన్నెండుకు పాస్‌పోర్టులతో నేను మిర్కాబ్‌లో ఉండాల."

గంగాదేవి మేడ ఎక్కింది. ఒక్కో మెట్టుకు ఒక్కో మాట. ఆనా. ఆరిఫ్. గారీ. మామా గది తలుపు సగం తెరిచి ఉంది. మామా ఇంకా ఫోనులోనే ఉంది, కిటికీ వైపు తిరిగి. గంగాదేవిని చూసి, ఐదు వేళ్లూ దగ్గరికి ముడిచి ఎత్తి చూపింది. కాస్త ఆగు అని.

ఆమె ఆగింది. అదే ఆమె చేసిన రెండో తప్పు. ఆనా ఆరిఫ్ గారీ, ఆనా ఆరిఫ్ గారీ అని లోపల తిప్పుకుంటూ ఎంతసేపు నిలబడిందో. గడియారం ముల్లు కదలడం, మామా నవ్వడం, మళ్లీ ఇంకేదో మొదలెట్టడం. మాట నాలుక చివరిదాకా వచ్చి, మామా మెడలోని గొలుసు తళుక్కుమన్నా వెనక్కి పోయేది. మామా మాట్లాడుతూ మాట్లాడుతూ లోపలి గదిలోకి వెళ్లింది. కింద గేటు తెరుచుకున్న చప్పుడు.

గంగాదేవి మెట్లు దూకినట్టు దిగింది. చెప్పులు లేవు. వాకిట్లో గచ్చు పెనంలా కాలుతోంది. కారు గేటు దాటుతోంది.

"మామా!" అని అరిచింది. "మామా! ఆగు మామా!"

కారు అద్దాలు మూసి ఉన్నాయి, లోపల ఏసీ మోత. నూర్ మహమ్మద్ మామకు ఆ పిలుపు వినబడలేదు. కారు మలుపు తిరిగిపోయింది.

వినబడింది మేడ మీది మామాకు. ఇంటి ముందు మెట్ల మీదికి వచ్చి, ఫోను చెవినుంచి తీసి, "షినో? ఏమైంది?" అన్నట్టు చూసింది. ఎవరైనా పడ్డారేమో అనుకున్నట్టుంది.

నేర్చుకున్న మూడు మాటల్లో ఒక్కటీ గంగాదేవికి గుర్తు రాలేదు. గోడ పక్కన సైకిలు కనబడింది. పోయి లాగింది. సీటు ఎండకు నిప్పులా కాలుతోంది. చిన్న సైకిలు, మోకాళ్లు హ్యాండిలుకు తగులుతున్నాయి. అయినా ఎక్కింది. వాకిలి చుట్టూ ఒక చుట్టు తిరిగింది. పూలకుండీల మధ్యనుంచి ఎనిమిది అంకె వేసింది. గంట కొట్టింది. రెండో చుట్టులో చేతులు వదిలేసింది. వేడిగాలి ముఖానికి తగిలింది. ఏడాది తర్వాత తగిలిన గాలి. ఒక్క క్షణం ఎందుకు ఎక్కిందో కూడా మరిచిపోయింది.

"మాషాల్లా!" అని మామా చప్పట్లు కొట్టింది. తర్వాత కనుబొమలు ముడిచింది. "గంగా! గారీ! లేశ్ తిరుపాలా..."

మరి మీ అమ్మ ఎందుకు లేదంది? గంగాదేవి దిగి, రొప్పుతూ, "గాడీ... గారీ... అమ్మ, సయ్యారా..." అని, చేతులతో స్టీరింగు తిప్పి చూపింది.

మామాకు అర్థమైంది. అర్థమై పగలబడి నవ్వింది. కడుపు పట్టుకుని ఫోను మళ్లీ చెవికి పెట్టి చెల్లెలికి మొదటినుంచి చెప్పింది, తిరుపాలమ్మ స్టీరింగు తిప్పిన తీరుతో సహా. అవతల చెల్లెలు నవ్వడం గంగాదేవికి కూడా వినబడింది. వాళ్లు నవ్వే ఆ రెండు నిమిషాల్లో నూర్ మహమ్మద్‌కు ఒక్క ఫోను చేస్తే బండి వెనక్కి తిరిగేది. ఆ మాట ఎలా చెప్పాలో తెలియక గంగాదేవి గేటు వైపు, ఫోను వైపు మార్చి మార్చి చూసింది. వేలు చాచి చూపింది కూడా.

మామా నవ్వు తుడుచుకుని ఆమె చెంప మీద తట్టింది. "ఖలాస్, హబీబ్తీ. నేమ్ ఖలాస్, పేపర్ ఖలాస్. నెక్స్ట్ సమ్మర్, ఇన్షాల్లా." మళ్లీ ఫోను, మళ్లీ లోపలికి.

మామా పోయాక తలుపు దగ్గర లులువా కనబడింది. ఎప్పుడొచ్చి నిలబడిందో, అంతా చూసినట్టే ఉంది. మెట్లు దిగి వచ్చి సైకిలు హ్యాండిలు పట్టుకుంది. గంగాదేవి ఇంకా సీటు వదల్లేదు.

"ఐ ఆస్క్ యూ" అంది లులువా. "యూ సే నెవర్. త్రీ టైమ్స్ యూ సే నెవర్."

"నో, నో. గారీ, ఐ థింక్ కార్..."

"యూ సే టెన్ కిలోమీటర్. యూ సే నెవర్. విచ్ వన్ లై?"

ఏది అబద్ధం? రెండూ కాదని చెప్పడానికి గంగాదేవికి తెలుగులో అయితే పేజీ నిండా మాటలున్నాయి. ఇంగ్లీషులో ఒక్కటి లేదు. అరబ్బీలో మూడుంటే అవి ఇప్పుడే గుర్తొచ్చాయి.

"ఆనా ఆరిఫ్ గారీ" అంది.

"ఐ నో" అంది లులువా. "యూ డోంట్ వాంట్ కమ్ విత్ మీ."

సైకిలును తనవైపు లాక్కుంది. ముందు చక్రం మెట్ల మీదికి ఎక్కించలేక తంటాలు పడింది. గంగాదేవి అలవాటుగా వెనకనుంచి సీటు పట్టి ఎత్తింది. మూడు మెట్లూ ఇద్దరూ కలిసే ఎక్కించారు. సైకిలు గడప దాటాక లులువా వెనక్కి తిరిగి, ఆ చేతిని సీటు మీదనుంచి తీసేసి, తలుపు వేసేసింది.